మద్దిమిట్ట సర్వరుకు రెండు తాళాలు

ప్రొద్దుటూరు కొర్రపాడు రోడ్డులో మున్వర్‌కు కెమెరాల దుకాణం ఉంది. అతని అక్క కూతురు మెహరున్నీసా కంప్యూటర్లు చదివి అక్కడే పని చేస్తోంది. ఊళ్లు తిరిగి కెమెరాలు బిగించడం మున్వర్ పని. ఆ కెమెరాల బొమ్మలు దాచుకునే సర్వర్లు ఎలా ఉన్నాయో దుకాణంలో కూర్చుని కనిపెట్టి ఉండటం ఆమె పని. బంగారు అంగళ్లు, పత్తి మిల్లులు, కల్యాణ మండపాలు, కొన్ని పల్లెలు. అన్ని చోట్లా సర్వర్లు గంటకొకసారి తమ హార్డ్ డిస్కులను పలకరించి, వచ్చిన జవాబును నెట్‌వర్కు మీదుగా ఆమె కంప్యూటరుకు పంపుతాయి. డిస్కు ఎంత వేడెక్కింది, లోపల ఎన్ని చోట్ల పాడైంది, చదవబోయి ఎన్నిసార్లు తడబడింది. అంతా బాగుంటే ఆ ఊరి పేరు తెరమీద ఆకుపచ్చగా ఉంటుంది. అనుమానం వస్తే పసుపు. ఇక లాభం లేదంటే ఎరుపు.

హార్డ్ డిస్కు చాలావరకు చెప్పే చస్తుంది. వినేవాళ్లే ఉండరు. ఈ పనిలో చేరినప్పటి నుంచీ మెహరున్నీసా చిరాకంతా అదే.

ఎన్నికలు దగ్గర పడిన ఆ ఎండాకాలం మొదట్లో మద్దిమిట్ట పసుపుకు మారింది.

మద్దిమిట్ట జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న ఊరు. ఫ్యాక్షన్ రోజుల్లో ఆ ఊరి పేరు చెబితే ఆటోవాళ్లు సాయంత్రం పూట రామనేవాళ్లు. ఒక పక్క వసంతమ్మ వాళ్లు. భూములున్న ఇల్లు, తరతరాలుగా వాళ్ల మాటే చెల్లింది. ఇంకో పక్క చెన్నకేశవ వాళ్లు. గొర్రెలు మేపి, కాలువ కింద పొలాలు కొని పైకొచ్చినవాళ్లు. ఆమె భర్తను చంపారు. ఇతని అన్నను చంపారు. ఆ తర్వాత పెద్దమనుషులూ పోలీసులూ కూర్చోబెట్టి రాజీ చేసినప్పుడు పెట్టిన షరతుల్లో కెమెరాలు ఒకటి. ఊళ్లో నాలుగు మూలల కెమెరాలు పెట్టాలి. సర్వరు ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు, పశువుల ఆసుపత్రిని ఆనుకుని ఉన్న గదిలో ఉండాలి. ఆ గదికి రెండు తాళాలు వేసి, ఒక తాళంచెవి వసంతమ్మకు, ఒకటి చెన్నకేశవకు ఇచ్చారు. ఇద్దరూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. అందరూ మెచ్చుకున్న ఏర్పాటు అది. ఎప్పుడో ఒకనాడు ఆ తలుపు తెరవాల్సి వస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

మెహరున్నీసా మొదట చెన్నకేశవకు ఫోన్ చేసింది. అతను జమ్మలమడుగులో బోరు బండ్ల ఆఫీసు నడుపుతున్నాడు.

“అన్నా, మీ ఊరి సర్వరులో ఒక డిస్కు పాడైపోతాంది. మార్చాల. మా స్క్రీను మీద మద్దిమిట్ట పసుపు అయింది.”

“ఏ రంగు?”

“పసుపు.”

“మా ఊరికి ఆ రంగు ఎవురేసినారు?” చెన్నకేశవ గొంతు మారిపోయింది.

“పార్టీ రంగు కాదన్నా. జాగ్రత్త పడమని చెప్పే రంగు. ట్రాఫిక్ లైటు మాదిరి.”

“ముందు ఆ రంగు తీసెయ్. ఎలక్షన్ టయాన ఇట్లాంటివి బాగుండవు.”

డిస్కులు రెండున్నాయని, బొమ్మలు రెండింటిలోనూ ఒకేలా రాసుకుంటాయని, ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని ఆమె వివరించింది. అది ఆమె చేసిన తప్పు. చెన్నకేశవ వెంటనే అందుకున్నాడు.

“మరి రెండోది ఉండాది కదమ్మా, తొందరేంది?”

“రెండూ ఒకేరోజు కొన్నవన్నా. ఒకే ఈడు. ఇది పోతే అది ఎంతకాలం ఉంటాదో చెప్పలేం.”

“సరే. ఆయమ్మను ముందొచ్చి తన తాళం తీయమను. తీసినాక నాకు ఫోన్ కొట్టు. నేను ముందు పోయి తీస్తే, నాకే ఏందో అవసరముండాదని ఊరంతా అనుకుంటాది.”

వసంతమ్మ ఫోన్ ఎత్తలేదు. ఎన్నికలయ్యేదాకా ఆమె పులివెందులలో తమ్ముడి ఇంట్లో ఉంటుందని, ఇద్దరు కొడుకులూ అక్కడే ఉన్నారని తెలిసింది. రెండుమూడు రోజులు చూసి, పాడైన చోట్ల లెక్క పెరుగుతూనే ఉండటంతో మెహరున్నీసా బస్సెక్కింది. ముద్దనూరులో దిగి ఇంకో బస్సు పట్టుకుని పులివెందుల చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి బయట చీనీ బత్తాయి తోటలో పెద్ద ఇల్లు. వాకిట్లో కుర్చీలు, జెండాలు కట్టిన బండ్లు. వసంతమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, చెప్పిందంతా ఓపికగా వింది. యాభై దాటిన మనిషి. మాట మెల్లగా ఉంటుంది, మారదు.

“తాళంచెవి నా దగ్గరే ఉండాది పాపా. ఇదో, ఎప్పుడూ ఈ బ్యాగులోనే ఉంటాది. ఇయ్యనని నేనంటినా?”

“అయితే ఇయ్యండక్కా. నేనే తీసుకుపోతా.”

“చెన్నకేశవ తాళంచెవి ముందు తెచ్చి చూపించు. నేను ముందిస్తే తగ్గినట్ల గాదా? మా ఆయన పోయినాక ఇన్నేండ్లు తగ్గకుండా నెట్టుకొచ్చినా. ఒక ఇనప డబ్బా కోసం ఇప్పుడు తగ్గమంటావా?”

“తగ్గడం ఏముందక్కా దీంట్లో? మిషన్ రిపేరు.”

“ఎలక్షన్ ముందే ఎందుకు రిపేరుకొచ్చింది? అది నువ్వు జెప్పు.”

మెహరున్నీసా డిస్కుకు ఎలక్షన్ సంగతి తెలియదని అందామనుకుని, అది కూడా అనుమానంగానే వినిపిస్తుందని ఊరుకుంది. వచ్చేటప్పుడు వసంతమ్మ ఒక సంచి నిండా చీనీకాయలు ఇచ్చి పంపింది. ఆ బరువు మోసుకుంటూ రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి మెహరున్నీసాకు ఆ కాయలన్నీ తీసుకుపోయి ఎవరి మీదన్నా విసరాలనిపించింది.

దుకాణంలో మున్వర్ ఒక మాటన్నాడు. “బేటీ, ఆ బొమ్మలన్నీ నెట్‌లో ఈడికే లాగెయ్యరాదా? తాళాల గొడవే ఉండదు.”

“మామూ, ఆ ఊరికి నువ్వే కదా లైను వేసినావు. గంటకు నాలుగు అంకెలు పంపేదానికే అది మూలుగుతాది. నెలల బొమ్మలు ఆ లైనులో వచ్చేసరికి మనం ముసలివాళ్లమైపోతాం.”

బొమ్మల్లో ముఖ్యమైనది ఒకటుంది. కొన్ని నెలల కిందట మద్దిమిట్ట నడిబొడ్డున జెండా దిమ్మె దగ్గర రెండు వర్గాలకూ గొడవై రాళ్లు రువ్వుకున్నారు. ఏ వర్గానికీ చెందని చిన్నన్న పాలక్యాను పట్టుకుని అటుగా పోతుంటే ఒక రాయి కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. కేసు జమ్మలమడుగు కోర్టులో ఉంది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ లేరు, ఆ మూల కెమెరా తప్ప.

చిన్నన్న అక్క గురమ్మ ఇల్లు సర్వరు గదికి గోడవార. కెమెరాలు బిగించేటప్పుడు మున్వర్ నంబరు తీసిపెట్టుకున్న మనిషి. ఆమె దుకాణానికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

“ఏమ్మా, మీ మిషన్ కటకటమంటాంది. కిటికీ కాడ నిలబడితే ఇనబడతాంది.”

“తెలుసవ్వా. నాకు ఈడ కనబడతానే ఉంది.”

“కనబడతాంటే రారేమి?”

“తాళాలు లేవవ్వా.”

“తాళాలు లేకుంటే మాత్రం అట్ల వదిలేస్తారా? మా చిన్నన్న కన్ను దాంట్లోనే కదా ఉండాది.”

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే మాట. తెరమీద అంకెలు పెరగడం, ఫోన్‌లో గురమ్మ, చెన్నకేశవ ఆఫీసులో ‘అన్న ప్రచారానికి పోయినాడు’ అనే జవాబు, పులివెందులలో ఎత్తని ఫోన్. మెహరున్నీసాకు విసుగెత్తి ఒక పని చేసింది. డిస్కు లెక్క పెరిగిన ప్రతిసారీ సర్వరే నేరుగా చెన్నకేశవకూ వసంతమ్మకూ మెసేజ్ పంపేలా ఏర్పాటు చేసింది. చిన్న ఫోన్లలో కూడా చదవగలిగేలా ఇంగ్లీషు అక్షరాల్లో, వాళ్ల భాషలోనే పొట్టిగా రాసింది.

‘మద్దిమిట్ట. ఒకటోది పోతాంది. రెండోది కూడా ఉండదు. తొందరగా తేల్చుకోండి.’

సర్వరు గంటగంటకూ ఆ మెసేజ్ పంపింది.

మరుసటి రోజు పదకొండు గంటలకు జమ్మలమడుగు స్టేషన్ నుంచి మున్వర్‌కు ఫోన్ వచ్చింది. మెసేజ్‌లు వచ్చిన నంబరు దుకాణానిదని తేలిందట, పంపినవాళ్లను వెంటనే రమ్మన్నారు. మెహరున్నీసా పోయేసరికి స్టేషన్ ముందు బండ్లే బండ్లు. లోపల బల్లకు ఒక పక్క వసంతమ్మ, ఆమె తమ్ముడు, ఇంకో పక్క చెన్నకేశవ, మధ్యలో హెడ్ కానిస్టేబుల్ ఓబులయ్య. రిటైరు కావడానికి దగ్గరున్న మనిషి. వసంతమ్మ ఫోన్ ఆయన చేతిలో ఉంది.

“ఈ మెసేజ్ పంపింది నువ్వేనా?”

“నేను కాదు సార్, మిషన్.”

“ఒకటోది పోతాంది అంటే ఏంది?”

“డిస్కు సార్.”

“రెండోది?”

“అదీ డిస్కే సార్.”

“తేల్చుకోండి అంటే?”

“తాళం ఎవరు ముందు తీస్తారో తేల్చుకోమని సార్.”

ఓబులయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వసంతమ్మ ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

“నాకు ఇద్దరు కొడుకులుండారు పాపా,” అంది. “పొద్దున్నుంచి గంటకొక తూరి ఒకటోది పోతాంది, రెండోది ఉండదు అని వస్తాంటే నేనేమనుకోవాల? పిల్లోళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేసొచ్చినా.”

“నేనే పంపిచ్చినానని నా మీద కేసు పెట్టమంటాంది ఈయమ్మ,” అన్నాడు చెన్నకేశవ. “నాకూ అదే మెసేజ్ వచ్చింది. నేనెవరితో జెప్పుకోవాల?”

డిస్కు అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఇంత ఉండేది కాదు. ఆ చిరాకు మెహరున్నీసాకు తన మీదే కలిగింది. అందరికీ క్షమాపణ చెప్పింది. చెబుతూ ఉండగానే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర ఉన్నారు.

“అక్కా, తాళంచెవి బ్యాగులోనే ఉందా?”

“ఉండాది.”

“అన్నా, మీది?”

చెన్నకేశవ మొలతాడు తడుముకుని తల ఊపాడు.

“డిస్కులు నా బ్యాగులో ఉన్నాయి. సార్ కూడా ఉన్నారు. మద్దిమిట్ట ఎంత దూరమని? ఇప్పుడే పోదాం. అరగంటలో నేను మార్చేస్తా. మీకు దండం పెడతా.”

ఓబులయ్యకు కూడా ఇది బాగుందనిపించింది. పోదాం పదండన్నాడు. అందరూ లేచారు. వాకిట్లోకి వచ్చాక ఎవరి బండి ముందు పోవాలన్న ప్రశ్న వచ్చింది. పోలీసు బండి ముందు పోతుందన్నాడు ఓబులయ్య. మరి దాని వెనక? వసంతమ్మ వర్గం బండి వెనక పోతే దుమ్ము తినాలని చెన్నకేశవ మనుషులు, వాళ్ల వెనక తమ బండి పోయిన చరిత్రే లేదని వసంతమ్మ తమ్ముడు. మెహరున్నీసా నడిఎండలో, భుజాన బ్యాగుతో నిలబడి వింటోంది.

“రెండు బండ్లూ పక్కపక్కన పోండి!” అని అరిచింది చివరికి. “రోడ్డు చాలకుంటే చేలల్లో పోండి! లోపల డిస్కు చస్తాంటే ఇదా మీ గొడవ?”

అందరూ ఒక్క క్షణం ఆమె వైపు చూశారు. ఏం జరిగి ఉండేదో గాని, అప్పుడే చెన్నకేశవ జేబులో ఫోన్ మోగింది. తర్వాత వసంతమ్మ తమ్ముడి ఫోన్. తర్వాత వాకిట్లో ఉన్న ప్రతి మనిషి ఫోనూ. వసంతమ్మ వర్గానికి పైన ఉన్న పెద్ద నాయకుడు పార్టీ మారాడు. చెన్నకేశవ ఉన్న పార్టీలోకే వచ్చేశాడు. నిమిషాల్లో వాకిలి ఖాళీ అయింది. ఓబులయ్య, మెహరున్నీసా, ఎగిరిన దుమ్ము మిగిలారు.

“ఇంకో దినం చూద్దాంలేమ్మా,” అన్నాడు ఓబులయ్య.

ఆ వారంలోనే జమ్మలమడుగు సభలో ఒకే వేదిక మీద ఒక కొసన వసంతమ్మ, ఇంకో కొసన చెన్నకేశవ కూర్చున్నారు. ఫొటో చూసి మున్వర్ సంతోషించాడు. “బేటీ, నీ పని అయిపోయినట్లే. ఇద్దరూ ఒకటే ఇప్పుడు.”

మెహరున్నీసా కూడా అలాగే అనుకుంది. చెన్నకేశవకు ఫోన్ చేస్తే ఈసారి ఎత్తాడు. మాట చాలా తియ్యగా ఉంది.

“ఇంక ఆ గదితో పనేముందమ్మా? మేము కలిసిపోయినాం కదా. కెమెరాలు కొట్లాడుకునేవాండ్లకు. పోనీలే, దాని ఆయుసు అంతే అనుకో.”

“చిన్నన్న కేసు ఉంది కదన్నా కోర్టులో.”

“దాని గురించి పైన మాట్లాడతాండారు. రెండు పక్కలా మన పిల్లోళ్లే కదా రాళ్లేసింది. ఇప్పుడు దాన్ని తవ్వుకుని ఏం జేస్తాం?”

పులివెందులకు చేస్తే వసంతమ్మ కూడా ఎత్తింది. మాట మెల్లగా, అదే అర్థం. “ఊరక పెట్టుకోవద్దు పాపా. పాతది పాతదే.”

ఇన్నాళ్లూ వాళ్లు ఒక్కమాట మీదికి రారని ఆమె విసుక్కుంది. వచ్చారు. ఎన్నేళ్లకో ఒక్కమాట మీదికి వచ్చి, దీని మీదికి వచ్చారు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి కాసేపు తెరవైపు చూస్తూ కూర్చుంది. మద్దిమిట్ట ఒకటో డిస్కు ఎదురుగా ఉన్న ఎరుపు చుక్క, ఆమె చూస్తుండగానే ఆరిపోయి బూడిదరంగుకు వచ్చింది. అది ఇక లేదు. రెండో డిస్కు మొదటిసారి పసుపుకు మారింది.

ఆ సాయంత్రం గురమ్మ ఫోన్ చేసింది. “కటకట నిలిచిపోయిందమ్మా. బాగయిందా?”

“బాగవలేదవ్వా. చచ్చిపోయింది.”

మెహరున్నీసాకు జరిగినదంతా చెప్పేయాలనిపించి చెప్పేసింది. తాళాలు, పులివెందుల, స్టేషన్, వేదిక, ఇద్దరూ చెప్పిన ఒకేమాట. రెండో డిస్కు కూడా పోతే చిన్నన్న కంటికి సాక్ష్యమనేదే ఉండదని కూడా చెప్పింది.

“అంటే తాళాలు ఇయ్యరు.”

“ఇయ్యరవ్వా. తాళాలు పగలగొడితే, వాళ్లు పగలగొట్టినారని వీళ్లు, వీళ్లు పగలగొట్టినారని వాళ్లు మొదలుపెడతారు. నేనేం చేయాల?”

“తాళాలు ఎందుకు పగలగొట్టాల?” అంది గురమ్మ. “తాళాలు వాండ్లవి. తలుపు ఊరిది. నువ్వు రేపు పొద్దున్నే రా.”

మర్నాడు మొదటి బస్సుకు మెహరున్నీసా మద్దిమిట్ట పోయేసరికి సర్వరు గది ముందు పదిపన్నెండు మంది ఆడవాళ్లు, కంటికి గుడ్డ కట్టుకున్న చిన్నన్న, అతని వెంట ఊళ్లో వడ్రంగి ఉన్నారు. వడ్రంగి గొళ్లెం వైపు పోనేలేదు. రెండో వైపున తలుపును పట్టుకున్న బందులు రెండూ విప్పాడు. నలుగురు పట్టుకుని లాగితే గొళ్లెం దిగిన ద్వారబంధం చెక్క ఊడి వచ్చింది, తలుపును పక్కకు జరిపి గోడకు ఆనించారు. రెండు తాళాలూ ఎక్కడివక్కడే, వేసినవి వేసినట్టే, ఊడిన ఆ చెక్కతో సహా తలుపుకు వేలాడుతున్నాయి.

లోపల దుమ్ము, బల్లుల గుడ్లు, ఉక్క. సర్వరు నల్లపెట్టె ఒక్కటే పచ్చ దీపంతో గురకపెడుతోంది. ఆపకుండానే డిస్కు మార్చే వీలున్న పెట్టె అది. ఆమె చచ్చిన డిస్కును బయటికి లాగి, దాని చోట కొత్తది తోసింది. రెండో డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి రాసుకోవడం మొదలైంది. తెచ్చుకున్న లాప్‌టాప్‌లో నూటికి ఒకటి, రెండు, మూడు. ముసలి డిస్కు మీద భారం పడి దాని వేడి కూడా పెరుగుతోంది. గురమ్మ ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టింది.

“కరెంటు పోతే?”

“బ్యాటరీ ఉందవ్వా. కానీ పోకూడదని మొక్కుకో.”

మధ్యాహ్నానికి సగం దాటింది. అప్పుడు వచ్చాయి బండ్లు. ప్రచారం మధ్యలోంచి వచ్చినట్టున్నారు, ఇద్దరి మెడల్లోనూ ఒకే కండువా. చెన్నకేశవ గబగబా వచ్చి తన తాళాన్ని లాగి చూసుకున్నాడు. వసంతమ్మ నిదానంగా వచ్చి తన తాళాన్ని చూసుకుంది. రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తిట్టుకోవడానికి ఒకరికొకరు పనికిరాకుండా పోయారు.

“ఎవరు తీయమన్నారు తలుపు?” అని చెన్నకేశవ గురమ్మ మీదికి వచ్చాడు.

“నేను తీయమన్నా. తాళం తీయలేదు నాయనా, చూసుకో.”

“ఆపు పాపా అది,” అంది వసంతమ్మ మెహరున్నీసాతో. “ఆ డిస్కులు మాకిచ్చేసి పో.”

మెహరున్నీసా లేచి నిలబడింది. ఇన్ని వారాల చిరాకు గొంతులోకి వచ్చింది గాని, అరవలేదు. అరిచే ఓపిక లేదు.

“ఆపొచ్చక్కా. ఆ బ్యాటరీ మీదున్న స్విచ్చు ఆపితే చాలు. కానీ ఒక మాట. ఆ పాత డిస్కు ఈ స్థితిలో ఒకసారి నిలిచిందంటే మళ్లీ తిరగదు. దాంట్లో ఉండేదంతా పోతాది. చిన్నన్న కన్ను సంగతి, మీ రాజీ అయినప్పటి నుంచి ఈ ఊళ్లో ఎవరు ఏం చేసిందీ, ఏం చేయందీ, అంతా. రేపు ఎవరన్నా మీ మీద నింద వేస్తే కాదని చూపించేదానికి ఏమీ ఉండదు. నేను ఆపను. మీ ఇద్దరిలో ఎవరు ఆపాలనుకుంటే వాళ్లే ఆపండి. ఇంతమంది చూస్తాండారు.”

చెన్నకేశవ వసంతమ్మ వైపు చూశాడు. వసంతమ్మ అతని వైపు చూసింది. కండువాలు ఒకటే. కానీ ఎలక్షన్ అయిపోయాక ఏ నాయకుడు ఎటు పోతాడో ఇద్దరికీ తెలియదు. అప్పుడు స్విచ్చు ఆపిన చెయ్యి తనదై ఉండకూడదు.

“ఆయమ్మ ఆపమంటాంది కదా, ఆయమ్మే ఆపుతాది,” అన్నాడు చెన్నకేశవ.

“నేనెందుకు ఆపుతా? కేసు వద్దన్నది నువ్వు.”

“నేనొక్కన్నేనా అన్నది?”

గురమ్మ రెండు మంచాలు తెప్పించి వాకిట్లో వేయించింది. ఒకదాని మీద వసంతమ్మ, ఒకదాని మీద చెన్నకేశవ. అక్కణ్నుంచి పోతే ఇంకొకరు లోపలికి పోయి ఏం చేస్తారోనని ఇద్దరూ కదలలేదు. ప్రచారం బండ్లు హారన్లు కొట్టి కొట్టి వెళ్లిపోయాయి. చెన్నకేశవ మధ్య మధ్యలో “ఎంతయింది?” అని అడిగేవాడు. మెహరున్నీసా చెప్పేది. నూటికి ఎనభై దగ్గర అది ఆగిపోయింది. అంకె కదల్లేదు. పాత డిస్కు ఒక చోట చదవలేక మళ్లీ మళ్లీ తడుముకుంటోంది. బయట మాట్లాడుకుంటున్నవాళ్లు కూడా ఆమె ముఖం చూసి మానేశారు. చిన్నన్న గడపలో కూర్చుని ఒంటికంటితో ఆ అంకెనే చూస్తున్నాడు. చాలాసేపటికి డిస్కు ఆ చోటును వదిలేసి ముందుకు పోయింది. ఎనభై ఒకటి. మెహరున్నీసా బయటికి వినబడేలా ఆ అంకె చెప్పింది.

పొద్దు వాలేలోగా పూర్తయింది. పాత రెండోదాన్ని కూడా తీసేసి, దాని చోట ఇంకో కొత్తది పెట్టింది. జెండా దిమ్మె గొడవ రోజు తీసి చూపించమంది గురమ్మ. అందరి ముందే తీసింది. బొమ్మ ఉంది. నడుమ కొన్ని క్షణాలు చెదిరిపోయి రంగుముక్కలైంది. ఆ తర్వాత చిన్నన్న, చేతిలో పాలక్యాను, గాల్లో రాయి. రాయి విసిరిన చెయ్యి స్పష్టంగా కనిపించింది, చొక్కా కనిపించింది. ముఖం మాత్రం జెండా చాటున పడింది.

ఆ చొక్కా ఎవరిదో వాకిట్లో ఒకరిద్దరికి తెలిసినట్టే ఉంది. చిన్నన్న ఇంకోసారి వేయమని, చూసి, “చాలు” అన్నాడు. గురమ్మ మాత్రం కొంగు బిగించుకుని మెహరున్నీసాను అడిగింది.

“దీన్ని కోర్టుకియ్యొచ్చా?”

“ఇయ్యొచ్చవ్వా. ఓబులయ్య సారుకు ఫోన్ చేసి పిలుస్తా. ఆయన చేతికే ఇద్దాం.”

ఓబులయ్య వచ్చి ఆ బొమ్మ నకలు తీసుకుపోయాక ఇక మిగిలింది పాత డిస్కులు. వాటిని ఎవరు తీసుకుపోవాలన్న దాని మీద మళ్లీ మొదలైంది. మెహరున్నీసా ఇద్దరికీ చెరొకటి ఇచ్చేసింది.

“దీంట్లో ఇంకా ఏమన్నా ఉండాదా?” అన్నాడు చెన్నకేశవ.

“ఏమీ లేదన్నా. చచ్చింది.”

“ఆయమ్మ దాంట్లో?”

“అదీ అంతే. ఇంక రేపోమాపో.”

“రెండూ సమానమే కదా?”

“సమానమే!”

అతను దాన్ని కండువాలో చుట్టుకున్నాడు. వసంతమ్మ బ్యాగులో పెట్టుకుంది. తలుపు మళ్లీ నిలబెట్టేందుకు వడ్రంగి మర్నాడు కొత్త బందులు తెస్తానన్నాడు. రెండో కొత్త డిస్కు రాసుకోవడం రాత్రంతా సాగుతుంది. గది అంతవరకు తెరిచే ఉంటుంది కాబట్టి కాపలా ఎవరని వసంతమ్మ అడిగింది. గురమ్మ తన నులకమంచం తెచ్చి గడపకు అడ్డంగా వేసుకుంది. దానికి ఇద్దరిలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

మెహరున్నీసా జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కాక మున్వర్ ఫోన్ చేశాడు. చెన్నకేశవ మనిషి ఒకరు, వసంతమ్మ మనిషి ఒకరు అప్పటికే దుకాణానికి ఫోన్ చేశారట. ఇకముందు మద్దిమిట్ట పనికి ఆ పిల్లను పంపొద్దని ఇద్దరూ చెప్పారట.

“ఏం చేసినావు బేటీ ఆడ?”

“డిస్కు మార్చినా మామూ.”

“అంతేనా?”

“అంతే.”

అతను తిన్నావా అని అడిగాడు. లేదంది. గురమ్మ బలవంతంగా బ్యాగులో పెట్టిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఉన్నాయి. ఫోన్ పెట్టేసి వాటిని తీసి, కిటికీ పక్కన ఆకలిగా తినడం మొదలుపెట్టింది.